గొడుగమ్మ పాట కట్టిన మనిషి

పోయిన నెల శింగనమల పక్క ఊళ్లో ఒక పెళ్లికి పోయాను. మెరవణి ఊరేగుతూ చెరువుకట్ట దాకా వచ్చేసరికి డీజే పెట్టెల్లోంచి ఒక పాట మొదలైంది. దరువు కొత్తది, పక్కటెముకలు అదిరేటట్టు కొట్టే రకం. మాటలు మాత్రం నాకు బాగా తెలిసినవి.

గట్టు మీద గొడుగమ్మా
గొడుగు కింద పలుకమ్మా
పలుకు పదును పెట్టమ్మా
కొడవలి మాకు యాలమ్మా

పెళ్లికొడుకు చిన్నాన్నలు, బావమరుదులు, అంతదాకా పెద్దమనుషుల్లాగా నడిచినవాళ్లు, అందరూ చేతులు పైకెత్తి గొడుగమ్మకు దండాలు పెడుతూ ఎగురుతున్నారు. నేను జనాన్ని తోసుకుంటూ డీజే బండి దగ్గరికి పోయాను.

“ఈ పాట యాడిది నాయనా?”

“గ్రామదేవత పాటక్కా. గొడుగమ్మ తల్లి. నల్లమాడ పక్క గుడి ఉండాదంట.”

“గుడీ లేదు, గోపురమూ లేదు. గొడుగమ్మ నేనే.”

అతను నన్ను తల నుంచి చెప్పుల దాకా చూశాడు. పక్కవాడి వైపు తిరిగి, “ఒరే, అక్కకు మజ్జిగియ్యి, ఎండ తగిలినట్టుండాది” అన్నాడు.

“సరే, నేను కాదనుకో. పాట కట్టింది ఎవురు?”

“దేవుని పాటలు ఒకరు కట్టేదేందక్కా? అవే పుడతాయి.”

మజ్జిగ తాగాను. ఆ ఎండలో మజ్జిగను కాదనేంత పౌరుషం నాకు లేదు. ఆ మాట మాత్రం గొంతు దిగలేదు. అవే పుడతాయంట! గరిక అయితే అదే పుడుతుంది. తుంగ అయితే వద్దన్నా పుడుతుంది. పాట అట్లా పుట్టదు. ఈ పాట పుట్టినప్పుడు నేను అక్కడే ఉన్నాను, గొడుగుతో సహా. కట్టిన మనిషి పోయి రెండేళ్లయింది కాబట్టి ఆ డీజే అతనితో వాదించడానికి ఆమె రాలేదు. వాదించడం నాకెటూ అలవాటే, నేనే పూనుకుంటున్నాను.

ఆమె పేరు రాయను. దాచిపెట్టాలని కాదు. పాటలో ఆమె అందరి పేర్లూ పెట్టేది, తన పేరు ఎప్పుడూ పెట్టుకోలేదు. “పాట చివర్న కట్టినోళ్ల పేరుండాలక్కా, అది పద్ధతి” అని నేను ఒకసారి చెప్పాను. “నా పేరు పెడితే అది నా పాటయిపోతాది కదమ్మా. ఇంగ మీరెట్ల పాడతారు?” అంది. అంతటి మనిషికి నా రాతలో పేరు తగిలించడం నాకు ఇష్టం లేదు.

పొట్టి మనిషి. చీర మోకాళ్ల పైకి దోపుకుని నడిస్తే భూమిని కొలుస్తున్నట్టుండేది. గొంతు తీయనిదని నేను అబద్ధం చెప్పను. రేకు డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టుండేది. అయితే ఆ గొంతు చేను ఈ గట్టు నుంచి ఆ గట్టుకు మధ్యలో ఎక్కడా పడిపోకుండా చేరేది. నవ్వితే శబ్దం రాదు, భుజాలు మాత్రం కదులుతాయి. వెనకనుంచి చూసి ఏడుస్తున్నదనుకుని ఒకసారి నేను ఓదార్చబోయాను కూడా.

కలుపుకు ఆడవాళ్లను కూడగట్టుకొచ్చే పెద్ద ఆమె. ఆమెతో కలిపి పన్నెండుమంది వచ్చేవాళ్లు. ఒక్కొక్కరికి ఒక్కొక్క సాలు. గొంతుకూర్చుని, చేతిలో పొట్టి కొడవలితో కలుపు తీసుకుంటూ జరుగుతూ పోవాలి. ఆమె ఒక చరణం ఎత్తుకుంటే వరుసంతా వంత పాడేది. అందరూ ఒక్కసారే అవతలి గట్టు చేరాలి, ఒక్కసారే వెనక్కు తిరగాలి.

నేను అనంతపురంలో పుట్టి పెరిగి, తెలుగు ప్రధానాంశంగా బి.ఏ. చదివి, పెళ్లయి ఈ ఊరికొచ్చినదాన్ని. మా ఆయనకు రాజకీయాలు ఉండేవి, అంటే చేను ఉండేది కాదు. చేనంతా మా అత్తదే. పన్నెండేళ్ల కిందట మా అత్తకు కంటిశుక్లం తీశారు. ఎండలోకి పోకూడదన్నారు. దాంతో ఆ ఏడు వేరుశెనగ చేను నా చేతికొచ్చింది. అప్పగిస్తూ మా అత్త ఒకటే మాట చెప్పింది. “గట్టుకు వెనకబడినోళ్లను మర్నాడు పిలవద్దు. ఒకరిని ఊరికే వదిలితే వరుసంతా చల్లబడతాది.”

మొదటి రోజే నా కన్ను ఓబులమ్మ మీద పడింది. ఆమెకు కుడి మోకాలు మడత పడేది కాదు. ఆ కాలు ముందుకు చాపుకుని, ఎడమ పిర్ర మీద జరుగుతూ కలుపు తీసేది. పని శుభ్రంగా ఉండేది, వేగం లేదు. సాయంత్రం నేను పాటలామెను పక్కకు పిలిచాను.

“ఓబులమ్మను రేపట్నుంచి తీసుకురావద్దక్కా.”

“ఏంటికమ్మా?”

“మోకాలు చూసినావు కదా. వెనకబడుతుంది.”

“ఈ పొద్దు పడిందా?”

“పడలేదు. రేపు పడుతుంది.”

“పడినపొద్దు చెప్పు. ఆ పొద్దే నేనే తీసేస్తా. అన్ని చేన్లోళ్లూ ఆయమ్మను వద్దన్నారు. మీ చేనొకటే మిగిలుండాది.” కొడవలి నడుముకు దోపుకుని, “మాటంటే మాట” అంది.

సరేనన్నాను. నాకు న్యాయంగానే తోచింది. ఇప్పుడు చెబితే నవ్వొస్తుంది గానీ, ఆ ఒప్పందంలో నేనే గట్టిదాన్ననుకున్నాను.

అప్పటికి ఆమె పాటలన్నీ సాగదీత పాటలు. ఒక మాటను పట్టుకుని పిండి, ఆరేసి, మడతపెట్టి గానీ ఇంకో మాటకు పోయేది కాదు. నాకు ఒక తెలివి వచ్చింది. పాట నిదానంగా ఉంది కాబట్టి పని నిదానంగా ఉంది, పాట పరుగెత్తితే పనీ పరుగెత్తుతుంది అని. చదువుకున్నవాళ్లకు ఇట్లాంటి తెలివి తొందరగా వస్తుంది. పెన్‌డ్రైవ్ పెట్టుకునే చిన్న పాటలడబ్బా ఒకటి టౌన్‌లో కొని తెచ్చి గట్టు మీద పెట్టాను. అన్నీ ఎగిరిదూకే సినిమా పాటలు.

నిజంగానే చేతులు పరుగెత్తాయి. వరుసలో అందరికన్నా చిన్నది నాగరత్న అయితే భుజాలు కూడా ఎగరేసింది. నేను గొడుగు కింద కూర్చుని నా తెలివికి నేనే మురిసిపోతూ పుస్తకం తెరిచాను. రెండు పేజీలు కాకముందే కేక వినబడింది.

“అమ్మా! కలుపు ఎక్కువైందా, కాయ ఎక్కువైందా, వచ్చి చూస్కో!”

పాటలామె చేతిలో వేరుశెనగ మొక్క, వేళ్లతో సహా. పోయి చూద్దును కదా, వరుసంతా అదే కథ. కాయ కట్టడానికి అప్పుడే నేలలోకి ఊడలు దిగుతున్న పంట. దరువుకు తగ్గట్టు చేతులు ఆడితే గరికేదో మొక్కేదో ఎవరికి తెలుస్తుంది? ఊడిన మొక్కలన్నీ ఒళ్లో పోసుకుని ఇంటికి తీసుకుపోయాను. మా అత్త వాటిని ఒక్కొక్కటి తడిమి చూసి, “ఇంత సదువు సదివి శెనక్కాయను కలుపనుకుంటివే” అంది. డబ్బా అటకెక్కింది. ఆ మొదటి మొక్క పొరపాటున ఊడిందా, ఆమె చేతిలో కావాలనే ఊడిందా అని నాకు ఇప్పటికీ అనుమానమే.

మర్నాడు పుట్టింది గొడుగమ్మ పాట.

సాలు సగంలో ఉండగా ఆమె ఎడమకు తిరిగి చూసి, నోట్లోని ఆకువక్క ఉమ్మి, ఎత్తుకుంది. గట్టు మీద గొడుగమ్మా... వరుసంతా వంత. నేను పుస్తకం మూసి లేచాను.

“గొడుగమ్మ ఏందక్కా? నాకు పేరు లేదా?”

“పేరు పెట్టి పాడితే మర్యాద తక్కువైతాది కదమ్మా.”

“నా నోరు కొడవలంటావా?”

“నేననలేదమ్మా. కొడవలి మాకు యాల అన్నానంతే. నువ్వే కలుపుకున్యావు.”

నేను ఊరుకుంటానా? కాలేజీలో వక్తృత్వపు పోటీల్లో కప్పులు గెలిచినదాన్ని. వాదన పెంచాను. కాసేపటికి చూస్తే వరుసంతా కొడవళ్లు కింద పెట్టి నా ముఖం చూస్తున్నారు.

“మీరెందుకు ఆపినారు?”

నాగరత్న కళ్లు పెద్దవి చేసి, “చేను గలామె మాట్లాడతాంటే తలకాయొంచుకుని కలుపు పెరికేది మర్యాదనా అమ్మా?” అంది.

దీనికి మీరేం జవాబు చెబుతారు? నేను మళ్లీ గొడుగు కిందికి పోయాను.

అప్పట్నుంచి రోజుకొక చరణం. రోజుకు ఒకసారో రెండుసార్లో నాతో తగవు. ఒక రోజు నా చదువు మీద.

పొద్దుటేల పుస్తకమూ
మాపటేల పుస్తకమూ
ఎన్ని పేజీలు మేసిందో
ఎనుముకైనా అరగదమ్మా

“ఇందులో ప్రాస లేదు” అన్నాను. “ప్రాస అంటే ఏందమ్మా?” అంది. గట్టు దిగి వచ్చి, వేలితో ఎర్రమన్నులో గీతలు గీసి చెప్పాను. రెండో అక్షరం, ఒకే హల్లు, అన్నీ చెప్పాను. వరుసలో కూర్చుని భక్తిగా విన్నారు. “అబ్బా, శానా ఉండాదే దీంట్లో” అంది ఆమె. మర్నాడు మళ్లీ ప్రాస లేని చరణమే కట్టింది, నేను మళ్లీ గట్టు దిగాను.

కోపం వచ్చిన మాట నిజం. ఇంకొక నిజం కూడా చెప్పాలి. నాకు లోపల్లోపల శానా సంతోషంగా ఉండేది. నా మీద పాట! మా క్లాసులో ఎవరి మీద పాటలున్నాయి చెప్పండి? ఇంటికి పోగానే ఆ చరణాలన్నీ ఒక నోటుపుస్తకంలో రాసుకునేదాన్ని. ‘ఈ పాటకు ప్రేరణ’ అని పైన రాసి, పక్కన నా పేరు రాసుకోవడానికి సిగ్గుపడి ఖాళీ వదిలాను. ఖాళీ అయితే వదిలాను.

పాట ఎందుకు కడతావని ఆమెను నేను అడగని రోజు లేదు. ఒకే జవాబు రెండోసారి వచ్చిన గుర్తు లేదు. ఒకసారి, “పంటినొప్పమ్మా. పాడతాంటే తెల్దు” అంది. ఇంకోసారి, “మా మొగోడు చెవిటోడు. ఇంట్లో మాట్లాడిందంతా దండగైపోతాది. చేన్లోనన్నా ఎవురో ఒకరి చెవిలో పడనీ అని” అంది. అతను చెవిటివాడు కాదు. నేను పిలిస్తే మూడిళ్ల అవతలినుంచి పలికినవాడు.

నేను చదివిన చదువులో దీనికొక జవాబు ఉంది. దాన్ని ఆమె మీద ప్రయోగించాను. “గుండెలో బాధ ఉంటేనే పాట వస్తుందక్కా. నీకేదో బాధ ఉంది.”

“బాధ ఉంటే ఏడుపొస్తాది గానీ పాటెట్లొస్తాదమ్మా?” అంది, నా అమాయకత్వానికి జాలిపడుతూ. “మా నాయన పోయినప్పుడు మూడు నెలలు నా నోట్లోంచి కూనిరాగం రాలేదు. బాధకు పాట రాదు. తీరికుంటే అసలే రాదు. ఇంట్లో గోడకానుకుని కూసుంటే ఒక్క ముక్కన్నా పుట్టిందా నాకు?”

ఆ రోజుల్లోనే రేడియో నుంచి ఒకాయన పాటలు రాసుకోవడానికి వచ్చాడు. ఆయనకూ అదే ప్రశ్న. ఆమె కొంగు భుజం చుట్టూ కప్పుకుని, కళ్లు సగం మూసి, “కల్లోకి అమ్మవారొచ్చి నాలిక మీద రాసిపోతాది సార్” అంది. ఆయన గడగడా రాసుకున్నాడు. బస్సెక్కి వెళ్లిపోయాక నేను పట్టుకున్నాను.

“ఎందుకంత అబద్ధం చెప్పినావు?”

“పాపం, పెన్ను మూత తీసుకుని కూసున్యాడు. ఒట్టి చేతుల్తో ఎట్ల పంపేది?” భుజాలు కదిలాయి.

ఆమె చెప్పకపోతే నేనే కనిపెడతానని పంతం పట్టాను. గొడుగు కిందనుంచి జాగ్రత్తగా గమనించాను. ప్రతి చరణానికీ ముందు తప్పకుండా ఎడమకు తిరుగుతుంది. ఒక క్షణం చూస్తుంది. ఆ తర్వాతే నోరు తెరుస్తుంది. అటు ఏముంది? కొండ ఉంది. కొండ మీద గాలిమరలు, వాటి పైన బళ్లారి వైపు తరలిపోయే మబ్బులు. నాకు దొరికిపోయింది. ఇంటికి పోయి నోటుపుస్తకంలో రాశాను: ‘చరణానికి ముందు కొండను చూస్తుంది. ప్రకృతే ప్రేరణ.’ కింద రెండు గీతలు కూడా గీశాను.

ఒక రోజు ఓబులమ్మ రాలేదు. మోకాలు చూపించుకోవడానికి తొలి బస్సుకు అనంతపురం పెద్దాసుపత్రికి పోయిందన్నారు. ఆ పొద్దు సన్నగా తుంపర పడుతోంది. నేను గొడుగు తెరిచి, పుస్తకం మూసి, ఎదురుచూస్తూ కూర్చున్నాను. పాట లేదు. పదకొండుమందీ చకచకా కలుపు తీసుకుంటూ, టీ వేళకు ముందే అవతలి గట్టు చేరారు. తిరిగారు. అప్పుడూ పాట లేదు. ఇంక ఆగలేక నేనే పోయాను.

“నా పాట ఏమైందక్కా?”

“ఈ పొద్దు దానికి పని లేదు లేమ్మా.”

“పని లేదంటే ఏంది? పాటకు పనేంది?”

నాగరత్న కిసుక్కున నవ్వింది. పక్కనామె దాని వీపు మీద ఒకటి చరిచింది. అందరూ తలలు వంచుకున్నారు. ఆ పొద్దంతా ఆమె ఒక్కసారైనా ఎడమకు తిరగలేదు. కొండ ఉన్నచోటే ఉంది. గాలిమరలూ తిరుగుతూనే ఉన్నాయి. నేను ఎడమకు చూశాను. కొండకూ ఆమెకూ మధ్య, ఆమె పక్క సాలు ఖాళీగా ఉంది. ఓబులమ్మ సాలు.

అప్పుడు అన్నీ వరుసగా గుర్తుకొచ్చాయి. ఏ తగవు ఎప్పుడు మొదలైందో, నేను మన్నులో ప్రాస పాఠం చెబుతుంటే అందరి కొడవళ్లూ ఆగినప్పుడు ఒక్క కొడవలి చప్పుడు ఎందుకు ఆగలేదో గుర్తుకొచ్చింది. చాచిన కాలుతో జరుగుతూ, ఎవరి ముఖమూ చూడకుండా, ఓబులమ్మ వచ్చి వరుసలో కలిసేది. ఆమె కలిశాక నా ప్రశ్నలకు ఎవరూ బదులు చెప్పేవాళ్లు కాదు. “సరేలేమ్మా, నువ్వే గెలిచినావు” అనేవాళ్లు. నేను నిజంగానే గెలిచాననుకుని గొడుగు కిందికి పోయేదాన్ని.

“అయితే అది నా మీద కట్టిన పాట కాదా?” అన్నాను.

“నీ మీద కట్టిందేనమ్మా” అంది, కలుపు తీయడం ఆపకుండా. “నీ కోసరం కట్టింది కాదు.”

ఇంతకన్నా గట్టిగా నన్ను జీవితంలో ఎవరూ కొట్టలేదు. నేను ఆమె పక్కనే మన్నులో కూర్చున్నాను. “ఓబులమ్మ నీకేమవుతుంది?” అని మాత్రం అడిగాను.

“ఏమీ కాదు. సుట్టమూ కాదు, పక్కమూ కాదు. పది పన్నెండేళ్ల పిల్లప్పట్నుంచి నా ఎడమ సాలు ఆయమ్మది. ఈ చెవిలో ఆయమ్మ వంత పడకపోతే నా రాగం యాడికో పోతాది.” ఒక గరిక పెరికి పక్కన పడేసి, “ఇంగ నీ ఇష్టమమ్మా. మాటిచ్చినదాన్ని. వెనకబడిందని నువ్వంటే రేపే తీసేస్తా” అంది.

ఇంటికి పోయేదాకా నాకు కోపమే. నన్ను అడ్డం పెట్టుకుని, నా నోటితోనే నా పని ఆపించారు. నేను చదివిన ప్రాసను ఓబులమ్మ మోకాలికి పట్టు వేశారు. అయినా ఆ సాయంత్రం మా అత్త, “గట్టుకు ఎవురన్నా వెనకబడతాండారా?” అని అడిగితే, “లేదు” అన్నాను.

అక్కడే తప్పు చేశాను. మా అత్త ఏది అడిగినా నేను పది మాటలకు తక్కువ చెప్పి ఎరగను. ఒక్క మాటతో ఊరుకునేసరికి ఆమెకు అనుమానం వచ్చింది. “రేపు నేనూ వస్తా” అంది.

మర్నాడు నల్లద్దాలు పెట్టుకుని, నా గొడుగు కింద, నా చోట్లో మా అత్త కూర్చుంది. ఓబులమ్మ మోకాలికి పట్టీ కట్టుకుని వచ్చింది. డాక్టరు కూర్చునే పని చేయొద్దన్నాడంట. “నిలబడే పనుంటే నువ్వే ఇప్పియ్యి సామీ అన్నా” అని చెప్పి తన సాలులో కూర్చుంది. పాటలామె వచ్చింది గానీ గొంతు రాలేదు. ముందురోజు తుంపరలో తడిసి పడిశం పట్టింది. నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రావడం లేదు.

వరుస కదిలింది. సాలు సగానికి వచ్చేసరికి ఓబులమ్మ రెండు బారలు వెనకబడింది. పాటలామె ఎడమకు తిరిగి చూసింది. నోరు తెరిచింది. బొంగురుగా ఒక మాట వచ్చి ఆగిపోయింది. తన చేతులు నిదానం చేసింది. మిగతావాళ్లూ నిదానించబోయారు.

“ఏమే, పాట లేకపోతే పని పరుగెత్తాల కదా? ఎవురికి తీరికెక్కువైంది?” అంది మా అత్త గొడుగు కిందనుంచి. చేతులు మళ్లీ పరుగెత్తాయి. ఓబులమ్మ వెనక్కు జారింది. తల ఎత్తలేదు. కొడవలిని మాత్రం ఇంకా గట్టిగా పట్టుకుంది.

కాలేజీ ప్రార్థనలో నన్ను పెదాలు కదిలిస్తే చాలన్నారు, గొంతు వద్దన్నారు. అట్లాంటిదాన్ని, గట్టు మీద లేచి నిలబడి, ఎత్తుకున్నాను.

గొంతు పోయిన అక్కమ్మా
గోరువెచ్చని నీళ్లు తాగమ్మా
మిరియాలు రెండు నములమ్మా
మూడు పూటలా పుక్కిలించమ్మా

నాగరత్న మెల్లగా తలెత్తి, “అమ్మా, ఇది పాటనా, డాక్టరు చీటీనా?” అంది. ఇక చూడాలి. పన్నెండుమందీ కొడవళ్లు వదిలేసి, కడుపులు పట్టుకుని, ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. పన్నెండుమందీ అన్నాను గానీ పదకొండుమందే. ఓబులమ్మ నవ్వలేదు. కలుపు తీసుకుంటూ జరుగుతోంది.

మా అత్త నల్లద్దాలు తీసేసింది. “ఏం పొయ్యేకాలమొచ్చింది నీకు?”

“పాట కడతాండానత్తా.”

“నువ్వా?”

“నేనే. ఏం, కట్టగూడదా? యాడన్నా రాసిపెట్టుండాదా?”

“కూలోళ్ల ముందర కోడలు పాటలు పాడేది మా వంశంలో లేదు.”

“మీ వంశంలో గొంతున్నోళ్లు లేరేమో. ఉంటే పాడకుండా ఉంటారా?”

వాదన నా సొంత చేను. అందులో నాకెవరూ సాటి లేరు. వంశం మీద కాసేపు, గొంతు మీద కాసేపు, కళ్ల డాక్టరు ఎండలోకి పోవద్దన్న మాట మీద కాసేపు, నేను నిలబడి సాగదీశాను. కింద అందరూ మర్యాదగా వింటున్నారు. మాట్లాడుతూ మాట్లాడుతూ నేను ఎడమకు చూశాను. పాటలామె కూడా అటే చూస్తోంది. రెండు బారలు ఒక బారయింది. ఒక బార మూరెడయింది.

అంతలో మా అత్తకు ఓపిక అయిపోయింది. “సరే తల్లీ, నువ్వే గెలిచినావు. ఇంగ పని కానీ” అని నల్లద్దాలు మళ్లీ పెట్టుకుంది. వరుసలో కొడవళ్లు లేచాయి.

ఇంకా మూరెడు దూరం ఉంది. పాటలామె నా వైపు తిరిగింది. గొంతు లేని నోటితో, పెదాలు మాత్రం కదిలించి, “ఇంగొకటి” అంది.

నా దగ్గర ఇంకొకటి లేదు. చదివినవేవీ అక్కరకు రాలేదు. ప్రాస గుర్తు రాలేదు, కొండ వైపు చూడాలని తోచలేదు. ఆ మూరెడు నేలే కనబడుతోంది, దాని మీద చాచిన కాలు. నోరు తెరిచేదాకా ఏమొస్తుందో నాకే తెలియదు.

నల్లద్దాల అత్తమ్మా
పట్టపగలే చీకటమ్మా
కలుపు ఏదో కాయ ఏదో
కోడలినడిగి తెలుసుకొమ్మా

మా అత్త నల్లద్దాలు మళ్లీ తీసేసింది. వరుసంతా వంత పాడాలా, పారిపోవాలా అని ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. కొడవలి ఒక్కటీ కదల్లేదు. అప్పుడు ఒక గొంతు భయం లేకుండా వంత అందుకుంది. అది ఓబులమ్మది. అది వరుస వెనకనుంచి రాలేదు, వరుసలోంచే వచ్చింది.